వ్యాయామం చేస్తే ఎముకకు రక్తం పెరుగుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ అమ్మగారికి 56 ఏళ్లు, ఉండేది గుణుపురం. వానల్లో పెరట్లో జారిపడి మోకాలి కింద ఎముక విరిగింది. విశాఖలో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. మూడు నెలలైనా ఎక్స్‌రేలో అతుకు సరిగా కనిపించలేదు. ‘ఆ భాగానికి రక్తప్రసరణ తక్కువ, కాలు కదుపుతూ ఉండాలి, కొద్దికొద్దిగా బరువు మోపాలి’ అని డాక్టరు చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు మాత్రం కదిపితే అతుకు విడిపోతుందని ఆమెను మంచం దిగనివ్వడం లేదు. అంత గట్టి ఎముకలోకి అసలు రక్తం వెళుతుందా, వ్యాయామంతో అది నిజంగా పెరుగుతుందా అని అడిగారు.

పెరుగుతుంది. అయితే ఆ భాగానికి రక్తం తెచ్చే నాళాలు బతికి ఉండాలి. వ్యాయామం కూడా కొద్దికొద్దిగా, ఒక లయలో, మధ్యమధ్య విశ్రాంతి ఇస్తూ సాగాలి. ఎంత చెమట పడితే అంత రక్తం అనే లెక్క ఎముక దగ్గర చెల్లదు. మీ అమ్మగారి విషయంలో డాక్టరు చెప్పిందే సరైన మాట. ఆమెను మంచానికి అంటిపెట్టి ఉంచడం వల్లే ఆ ఎముకకు ఎక్కువ నష్టం.

నేను రాయగడలో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. గుణుపురం, మునిగుడ, బిస్సంకటక్ వైపు నుంచీ, ఇటు పార్వతీపురం నుంచీ కాళ్లూ చేతులూ విరిగినవాళ్లు వస్తుంటారు. తెలుగు, ఒడియా, కువి, సవర, ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్లయినా అందరిదీ ఒకే భయం. కదిపితే ఊడిపోతుందని. ఈ భయం వల్ల బాగుపడవలసిన కాళ్లు బిగుసుకుపోవడం చూసి చూసి బాధ కలుగుతోంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఎముకలో రక్తం సంగతి. ఈసారి ఇంట్లో మేక కాలి ఎముక వండినప్పుడు, మాంసం ఊడిపోయిన ఎముకను కడిగి వెలుతురులో పట్టుకుని చూడండి. నడిమి భాగంలో ఒక పక్కన సూది దూరేంత చిన్న రంధ్రం ఏటవాలుగా లోపలికి పోతూ కనిపిస్తుంది. ఎముకను పోషించే ప్రధాన ధమని వెళ్లే దారి అదే. మన కాలి ఎముకలోనూ అలాంటిదే ఉంటుంది. ఆ ధమని లోపలి మూలుగలోకి వెళ్లి పైకీ కిందికీ చీలి, గట్టి గోడలో మూడింట రెండు వంతుల మందానికి లోపలి నుంచి రక్తం అందిస్తుంది. మిగిలిన బయటి వంతుకు ఎముకను అంటిపెట్టుకుని ఉండే పలుచని పొర నుంచీ, దానికి ఆనుకున్న కండల నుంచీ అందుతుంది. కీళ్ల దగ్గరి చివరలకు వేరే చిన్న ధమనులు ఉన్నాయి. గట్టి గోడలోపల కూడా సన్నని కాలువలు పొడవునా సాగుతాయి. ఇంగ్లండ్ వైద్యుడు క్లాప్టన్ హావర్స్ వీటిని 1691లోనే వర్ణించాడు కాబట్టి నేటికీ వాటిని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒక్కొక్క కాలువ చుట్టూ ఎముక కణాలు వలయాలుగా అమరి ఉంటాయి. రక్తనాళానికి మిల్లీమీటరులో కొద్ది వంతు దూరం దాటితే ఆ కణం బతకలేదు. గుండె పంపే రక్తంలో సుమారు పదో వంతు అస్థిపంజరానికే పోతుందని లెక్క. సెకనుకు దాదాపు 20 లక్షల ఎర్ర రక్తకణాలు తయారయ్యేది మూలుగలోనే, అవి బయటికి వచ్చేదీ ఈ నాళాల గుండానే. కాబట్టి ఎముక ఎండు కర్ర కాదు. కోస్తే రక్తం కారే సజీవ కణజాలం.

ఇక మీ అమ్మగారి ఎముక గురించి. మోకాలి కింద కాలి ముందువైపు చేయి పెట్టి చూడండి. చర్మం కిందే ఎముక తగులుతుంది, మధ్యలో కండ లేదు. వెనక పిక్క వైపు మాత్రమే కండ దట్టంగా ఉంటుంది. కండ ఆసరా లేని చోట బయటి నుంచి వచ్చే రక్తం తక్కువ. అందులోనూ చీలమండ వైపున్న కింది మూడో వంతులో ఇంకా తక్కువ. విరిగినప్పుడు లోపలి ప్రధాన ధమని తెగుతుంది. రాడ్డు వేసేటప్పుడు మూలుగ భాగాన్ని తొలుస్తారు కాబట్టి లోపలి ప్రసరణ కొంతకాలం మరింత దెబ్బతింటుంది. అది ఆపరేషన్ లోపం కాదు, ఆ పద్ధతిలో తప్పనిది. ఆ కొన్ని వారాలూ ఎముకను కాపాడేది బయటి పొర, దాని పక్కనున్న కండలు. కొత్త ఎముక మొదట పుట్టేది కూడా ఎక్కువగా అక్కడే. పిక్క కండ ముడుచుకుంటూ సాగుతూ ఉంటే ఆ పొరకు రక్తం అందుతుంది. కండ కదలకపోతే అది కూడా తగ్గుతుంది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఈ ఒక్క విషయం నెమ్మదిగా చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పండి. పెద్దవాళ్లలో ఈ ఎముక అతకడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే. మూడో నెలకే ఇక అతకదని దిగులు పడనక్కర్లేదు.

వ్యాయామం ఎముక రక్తాన్ని ఎలా మారుస్తుందో ఇప్పుడు చూద్దాం. దీన్ని మనుషుల్లో కొలవడం చాలా కష్టం. కండలో ప్రవాహం కొలిచినంత తేలిక కాదు. ఫిన్‌లాండ్‌లోని టుర్కు పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, మనుషులు కాలితో వ్యాయామం చేస్తుండగా పెట్ స్కాన్ ద్వారా తొడ ఎముకలో రక్తప్రవాహాన్ని కొలిచారు. విశ్రాంతిలో కంటే వ్యాయామంలో ప్రవాహం స్పష్టంగా పెరిగింది. కానీ శ్రమ తీవ్రత పెంచుకుంటూ పోతే కండలో పెరిగినట్టు ఎముకలో పెరుగుతూ పోలేదు. ఒక స్థాయికి చేరి అక్కడే ఆగిపోయింది. మా వృత్తిలో ఇది చాలా పనికొచ్చే సంగతి. తేలికపాటి వ్యాయామంతోనే ఎముకకు రావలసిన రక్తంలో ఎక్కువ భాగం వచ్చేస్తుంది. ఇంకా బలవంతం చేస్తే లాభం కండకు దక్కుతుందేమో కానీ, విరిగిన ఎముకకు మాత్రం ప్రమాదమే.

ఆ కాసేపు పెరిగే రక్తం కథలో సగమే. మిగతా సగం బరువు మోపినప్పుడు జరుగుతుంది. కాలు నేలమీద పెట్టి బరువు వేస్తే ఎముక మన కంటికి కనిపించనంతగా వంగుతుంది. బరువు తీస్తే తిరిగి నిలబడుతుంది. తడి స్పాంజిని నొక్కి వదిలినట్టు, ఆ వంపుకి ఎముకలోని సన్నని సందుల్లో ద్రవం అటూ ఇటూ కదులుతుంది. నాళానికి కాస్త దూరంగా చిక్కుకున్న కణాలకు పోషకాలు చేరేది, వ్యర్థాలు బయటికి పోయేది ఈ కదలికతోనే. ఆ ద్రవం ఒరుసుకుపోతుంటే ఎముక కణాలు దాన్ని పసిగట్టి నైట్రిక్ ఆక్సైడ్ వంటి రసాయనాలు వదులుతాయి. వాటితో నాళాలు వెడల్పవుతాయి. కొత్త నాళాలు మొలిచేందుకు సంకేతాలు పోతాయి, ఎముక కట్టే కణాలు మేల్కొంటాయి. కొత్త నాళం ముందు, దాని వెంట కొత్త ఎముక. వరుస ఇదే. ఎముకలో ఇలా ఎముక పెరుగుదలను వెంట తీసుకొచ్చే ఒక ప్రత్యేక రకం సన్ననాళాలు ఉన్నాయని 2014లో ఎలుకల్లో గుర్తించారు. వయసు పెరిగే కొద్దీ అవి తగ్గిపోతాయని కూడా ఆ పరిశోధనలోనే తేలింది. ఎలుకలను కొన్ని వారాలు పరుగెత్తిస్తే తొడ ఎముక ధమని మరింత బాగా వ్యాకోచించడం, దానితోపాటు లోపలి ఎముక పెరగడం మరో ప్రయోగంలో కనిపించింది. ఎలుకల్లో జరిగిందంతా మనుషుల్లో అంతే మేరకు జరుగుతుందని నేను అనను. కానీ మా దగ్గర కోలుకునేవాళ్లలో చూసేది దీనికి ఎదురు పోవడం లేదు.

దీనికి వ్యతిరేక దిశలో రుజువు కావాలంటే అంతరిక్షయాత్రికులను చూడండి. బరువు లేని చోట, ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా తుంటి భాగంలో నెలకు ఒకటి నుంచి ఒకటిన్నర శాతం దాకా ఎముక సాంద్రత తగ్గిపోతుంది. మంచం మీద కదలకుండా పడుకున్న మనిషి ఎముక కూడా ఆ దారిలోనే పోతుంది.

సరే, ఇంట్లో ఏం చేయాలి? ముందు మీ సర్జన్‌ను ఒకే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఈ కాలి మీద ఎన్ని కిలోల బరువు మోపవచ్చు?’ ‘కొద్దికొద్దిగా’ అన్న మాటతో ఎవరికీ ఏమీ తెలియదు. ఆయన పది కిలోలు అన్నారనుకోండి. నేను ఇలా నేర్పిస్తాను. బరువు చూసే మిషను నేలమీద పెట్టి, దాని పక్కన అంతే ఎత్తున్న చెక్క పీట పెట్టండి. అమ్మగారు వాకర్ రెండు చేతులా పట్టుకుని, బాగున్న కాలు పీట మీద, దెబ్బతగిలిన కాలు మిషను మీద పెట్టాలి. మెల్లగా నొక్కుతూ ముల్లు పది దగ్గరికి వచ్చాక అక్కడ నిలపాలి. అరికాలికి ఎంత ఒత్తిడి తెలుస్తోందో, చేతుల మీద ఎంత బరువు పడుతోందో గమనించమనండి. తర్వాత కళ్లు మూసుకుని నొక్కి, తెరిచి ముల్లు చూడాలి. మొదట్లో అందరూ భయంతో మూడు నాలుగు కిలోల దగ్గరే ఆగిపోతారు, లేదంటే ఒక్కసారిగా ఇరవై దాటిస్తారు. కాసేపు సాధన చేశాక పాదానికి ఆ పది గుర్తుండిపోతుంది. ఆ బరువుతోనే వాకర్ పట్టుకుని గదిలో నడవాలి. మళ్లీ ఎప్పుడు, ఎంత పెంచాలో ఎక్స్‌రే చూసి సర్జన్ చెబుతారు.

నడవని సమయంలో చేయవలసింది ఇంకా తేలిక. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి పాదాన్ని చీలమండ దగ్గర పైకి లాగి, కిందికి నొక్కుతూ పది పదిహేను సార్లు చేయాలి. తూతూమంత్రంగా వేళ్లు ఆడిస్తే చాలదు. పిక్క మీద చేయి వేసి చూస్తే కండ గట్టిపడి వదులవడం తెలియాలి. అలా తెలిస్తేనే రక్తం కదిలినట్టు. మోకాలు చాచి తొడ ముందు కండను బిగించి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం, పడుకుని కాలును నిటారుగా పైకెత్తడం, మోకాలు మడిచి చాచడం కూడా రోజూ చేయించాలి. ఒకేసారి గంటసేపు చేయించి రోజంతా వదిలేయకండి. జంతువుల ఎముకల మీద చేసిన ప్రయోగాల్లో, బరువును కొన్ని విడతలుగా, మధ్యలో గంటల విరామంతో మోపితే ఎముక ఎక్కువగా స్పందించింది. ఏకధాటిగా మోపితే కాసేపటికి ఎముక కణాలు పట్టించుకోవడం మానేస్తాయి. 1984లో రూబిన్, లాన్యన్ అనే పరిశోధకులు పక్షి రెక్క ఎముక మీద పరీక్షిస్తే రోజుకు 36 సార్లు మోపిన బరువుతోనే పూర్తి ఫలితం వచ్చింది. వందలసార్లకు పెంచినా అదనంగా ఏమీ రాలేదు.

నొప్పి విషయంలో నేను చెప్పే కొలత ఇది. వ్యాయామం తర్వాత కాస్త సలుపు వచ్చి మర్నాటి ఉదయానికి తగ్గిపోతే ఫరవాలేదు. విరిగిన చోటే పోటు రోజురోజుకీ పెరుగుతుంటే, వాపు తగ్గకుండా ఎక్కువవుతుంటే ఆపి చూపించండి.

ఇప్పుడు కాస్త ఇబ్బందికరమైన విషయం, కానీ అడగక తప్పదు. మీ అమ్మగారు గుడాకు వాడతారా? మన వైపు పొద్దున్నే పళ్లకు గుడాకు రుద్దుకునే అలవాటు ఆడవాళ్లలో చాలా ఉంది. ఎవరూ దాన్ని పొగాకుగా లెక్కపెట్టరు. బీడీ తాగుతారా అంటే లేదంటారు, ఖైనీ అంటే లేదంటారు, గుడాకు మాట ఎవరూ ఎత్తరు. అందులో ఉన్నదీ పొగాకే, నికోటినే. నికోటిన్ సన్నని రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తుంది. పొగాకు వాడేవాళ్లకు ఈ కాలి ఎముక ఆలస్యంగా అతకడం వైద్యులకు బాగా తెలిసిన సంగతి. ఒక చేత్తో వ్యాయామంతో నాళాలు తెరుస్తూ, మరో చేత్తో రోజుకు నాలుగుసార్లు వాటిని మూసేస్తే ఏం ప్రయోజనం? నా దగ్గరికి వచ్చిన ఒక కాగితం మిల్లు కార్మికుడికి ఇలాంటి విరుపే, ఇలాంటి రాడ్డే. వ్యాయామాలన్నీ శ్రద్ధగా చేసేవాడు. ఎక్స్‌రే మాత్రం నెలల తరబడి మారలేదు. ఖైనీ పూర్తిగా మానేశాక వచ్చిన ఎక్స్‌రేల్లో అతుకు కనిపించడం మొదలైంది. ఒక్కరి విషయంతో ఖైనీయే కారణమని తేల్చలేం. అయినా నేను ప్రతి రోగినీ మొదటి రోజే ఈ ప్రశ్న అడుగుతాను.

షుగరు ఉంటే అది కూడా చిన్న నాళాలను పాడుచేస్తుంది, కాబట్టి పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ కూడా చూపించండి. రక్తం ఎంత ప్రవహించినా అందులో ఆక్సిజన్ మోసే శక్తి లేకపోతే ఎముకకు చేరేది తక్కువే. తిండి సంగతి పెద్దగా చెప్పను. మన ఇళ్లలో ఉన్న చోడి (రాగి) అంబలి, పప్పు, గుడ్లు, చేపలు చాలు. ఖరీదైన పొడి డబ్బాలు కొననక్కర్లేదు.

వ్యాయామం పనిచేయని చోటు కూడా ఉంది, అది చెప్పకపోతే ఈ సమాధానం ప్రమాదకరం. తుంటి దగ్గర తొడ ఎముక పైన బంతిలాంటి తల ఉంటుంది. దానికి రక్తం తెచ్చే ప్రధాన మార్గం దాదాపు ఒక్కటే. ఆ నాళాలు మూసుకుపోతే ఆ తల ఎముక చచ్చిపోయి, బరువుకు కుంగిపోతుంది. అతిగా మద్యం, డాక్టరు పర్యవేక్షణ లేకుండా వాడిన స్టెరాయిడ్లు దీనికి పెద్ద కారణాలు. మన రాయగడ, కొరాపుట్ ప్రాంతాల్లో ఇంకొకటి ఉంది: సికిల్ సెల్. ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారి సన్నని నాళాల్లో అడ్డం పడతాయి. ఎముకల్లోపలి నాళాలు వాటికి తేలిగ్గా దొరుకుతాయి.

గుణుపురం పక్క ఊరి కుర్రవాడు ఒకడు గజ్జల్లో నొప్పితో వచ్చాడు. కండ పట్టేసిందని ఎవరో చెబితే రోజూ గుంజీలు తీస్తున్నాడు. నొప్పి పెరిగేకొద్దీ గుంజీలూ పెంచాడు. నేలమీద బాసిపట్లు వేసుకుని కూర్చోమంటే ఆ పక్క మోకాలు కిందికి దిగలేదు. పడుకోబెట్టి కాలు లోపలికి తిప్పబోతే ముఖం మాడ్చుకున్నాడు. అప్పటికే తీసిన ఎక్స్‌రే బాగానే ఉంది. ఈ జబ్బులో తొలిదశ ఎక్స్‌రేలో కనిపించదు, ఎమ్మారై కావాలి. ఎమ్మారైలో తుంటి తలకు రక్తం అందడం లేదని తేలింది, రక్తపరీక్షలో సికిల్ సెల్ బయటపడింది. అతడికి వ్యాయామంతో రక్తం తెప్పిస్తానని నేను అనలేదు, ఎవరూ అనకూడదు. అలాంటి తుంటికి కావలసింది బరువు తగ్గించడం, చంక కర్రలు, సర్జన్ సలహా. తొలిదశలో అయితే ఎముకకు రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించే ఆపరేషన్ ఉంది. సికిల్ సెల్ ఉన్నవాళ్లు మామూలు నడక, తేలికపాటి వ్యాయామం డాక్టరు సలహాతో చేయవచ్చు. ఆయాసం వచ్చేదాకా, ఎండలో, నీళ్లు తాగకుండా మాత్రం చేయకూడదు. కేంద్రం 2023లో మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమంలో మన జిల్లాల్లో ఈ పరీక్ష చేస్తున్నారు. ఇంట్లో పిల్లలందరికీ ఒకసారి చేయించండి.

మరో రెండు పనులు చేయవద్దు. రక్తం పెరుగుతుందని విరిగిన చోట నూనె పెట్టి గట్టిగా మర్దన చేయించవద్దు. పాదానికీ తొడకూ మెల్లగా నిమిరితే హాని లేదు కానీ, విరుపు మీద బలంగా తోమితే అప్పుడే పుడుతున్న సన్ననాళాలు చితికిపోతాయి. అతుకు ఆలస్యమైందని చుట్టాలు నాటు కట్టు కట్టించమని కూడా అంటారు. లోపల రాడ్డు ఉన్న కాలికి బయట వెదురు బద్దలతో బిగించి కడితే రక్తం వచ్చే దారే మూసుకుంటుంది. బిగువు కట్ల వల్ల వేళ్లు నల్లబడి వచ్చినవాళ్లను నేను చూశాను.

ఇది చదివే ఇతరులు కొందరు ‘మేం రోజంతా పొలంలో పనిచేస్తాం, మాకు వేరే వ్యాయామం ఎందుకు’ అని అడుగుతారు. పొలం పని ఎముకకు మంచిదే, అందులో సందేహం లేదు. అయితే గంటలకొద్దీ ఒకే భంగిమలో వంగి ఉండటం ఎముకకు కొత్త సంకేతమేమీ ఇవ్వదు. మెట్లెక్కడం, చురుకైన నడక, వయసులో ఉన్నవాళ్లకు గెంతడం, తాడాట వంటివి దిశ మార్చి వేగంగా బరువు మోపుతాయి. ఎముక వాటికి బాగా స్పందిస్తుంది. సైకిలు, ఈత గుండెకు ఎంతో మంచివి, కానీ ఎముక మీద బరువు పెద్దగా వేయవు. అయితే ఈ గెంతడం మాట మీ అమ్మగారి చెవిన పడనివ్వకండి, అది ఆమెకు ఇప్పుడు పనికిరాదు.

చివరగా, ఇంట్లో ఎవరో ఒకరు రోజూ రెండు కాళ్ల పిక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. విరిగిన కాలి పిక్క ఒక్కసారిగా ఉబ్బి, వేడిగా, నొక్కితే నొప్పిగా ఉంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అప్పుడు వ్యాయామం ఆపి అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. దానితోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే ఒక్క గంట కూడా ఆగకండి. అలాంటివేమీ లేకపోతే, ఎన్ని కిలోలో సర్జన్‌ను అడిగిన వెంటనే వాకర్ తెచ్చి మొదలుపెట్టించండి. తర్వాతి ఎక్స్‌రే తీశాక, విరిగింది ఎముకలో ఏ భాగమో, సర్జన్ ఎన్ని కిలోలు చెప్పారో ఇక్కడే రాయండి. దాన్ని బట్టి తర్వాతి వారాలకు ఏం చేయించాలో చెబుతాను.